వెనక గది స్టేషను

మా అత్తగారు రోజూ సాయంత్రం నాలుగు గంటలకు రైలు నడిపేవారు. ఈ మాట ఎవరితో అన్నా ముందు నా ముఖం వంక చూస్తారు, తర్వాత ఆవిడకు మతి సరిగ్గానే ఉండేదా అని మెల్లగా అడుగుతారు. మతి ఆవిడకు ఇంటిల్లిపాదికీ పంచగా ఇంకా మిగిలేంత ఉండేది. రైలు కూడా నిజమైనదే, కాకపోతే చిన్నది. రేకు ఇంజను, రేకు పెట్టెలు, రేకు పట్టాలు. మన్సూరాబాద్‌లో మా ఇంటి మేడ మీద ముందు గదిలో బయలుదేరి, నడిమి గది గోడ వెంట వెళ్లి, వెనక గదిలో ఆగేది. ముందు గది స్టేషనుకు ఆవిడ మాస్టరు. వెనక గది స్టేషనుకు నేను.

ఆ రైళ్లు మా మామగారివి. ఆయన గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆయనతో కలిసి పనిచేసిన ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు కుటుంబంతో సహా ఆస్ట్రేలియా వెళ్లిపోతూ, తాను చిన్నప్పుడు ఆడుకున్న ఆకుపచ్చ ఇంజనునూ అయిదు పెట్టెలనూ ఈయన చేతుల్లో పెట్టి వెళ్లాడట. ఇంగ్లండులో తయారైన సరుకు. కరెంటుతో పనిలేదు, గడియారానికి తిప్పినట్టు చావి తిప్పితే నడుస్తుంది. అప్పటి నుంచి మామగారికి అదే పిచ్చి పట్టుకుంది. ఆదివారం అంగళ్లలో, పాత సామాను కొట్లలో వెతికి వెతికి ఒక ఎర్ర ఇంజనును, గూడ్సు పెట్టెలను, నడుం వంగిన సిగ్నలు స్తంభాలను పోగుచేశారు. గడ్డిఅన్నారం మార్కెట్ నుంచి బత్తాయి పెట్టెల చెక్కలు తెచ్చి, గోడల వెంట నడుమెత్తున అరలాగా కొట్టి, వాటి మీద పట్టాలు పరిచారు. బండి గది నుంచి గదికి వెళ్లాలి కదా, అందుకని కొత్తగా కట్టుకున్న సొంత ఇంటి గోడలకు రెండు కన్నాలు పొడిచారు. ఆయన పొడుస్తుంటే అత్తగారు పక్కన నిలబడి చాటతో మట్టి ఎత్తిపోశారట. అలాంటి మొగుడూ పెళ్లాలను తలచుకుంటే నాకు ఇప్పటికీ అసూయే.

నేను కాపురానికి వచ్చేసరికి ఆయన పోయి రెండేళ్లు. రైళ్లు కూడా అప్పటి నుంచీ ఆగిపోయి ఉన్నాయి. ఎందుకంటే ఆ బండి నడవాలంటే ఇద్దరు కావాలి. చావి నిండా తిప్పితే ఇంజను అవతలి గది దాకా వెళ్తుంది, అంతే. అక్కడ ఇంకొకరు పట్టుకుని, మళ్లీ చావి తిప్పి వెనక్కి పంపాలి. మా ఆయన ఆ పనికి పనికిరాడు. ఆయనకు రైలంటే రిజర్వేషను దొరకడం, దొరకకపోవడం, అంతే.

పెళ్లయిన మూడో వారంలో అత్తగారు నన్ను మేడ మీదికి పిలిచారు. నేను అప్పటికే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేదాన్ని. కృష్ణా జిల్లా పిల్ల, ప్రేమించి చేసుకున్న పెళ్లి, పైగా లెక్కల పంతులమ్మ. ఏ విషయంలో తప్పు పట్టబోతున్నారో అని బిక్కుబిక్కుమంటూ వెళ్లాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "లెక్కలు చెప్తవు గదా. గంట ఎన్నిసార్లు కొట్టిన్నో లెక్కపెట్టొస్తదా?" అన్నారు.

అదీ నా ఉద్యోగ నియామకం.

రెండు గదుల్లోనూ బ్యాటరీతో పనిచేసే చెరొక గంట ఉండేది. ఇక్కడ మీట నొక్కితే అక్కడ మోగుతుంది. రెండుసార్లు కొడితే, లైను ఖాళీగా ఉందా, బండి పంపనా అని అడిగినట్టు. అవతలివాళ్లు తిరిగి రెండు కొడితే లైను ఇచ్చినట్టు. మూడు కొడితే బండి బయలుదేరింది. నాలుగు కొడితే చేరింది. ఒకటే లైను కాబట్టి, ఒకరికి ఇచ్చాక అది వాళ్లదే. వాళ్ల బండి చేరేదాకా మనం మన బండి కదపకూడదు. మర్చిపోతామేమోనని ఇంకో నియమం కూడా ఉండేది. లైను ఇచ్చిన మరుక్షణం మన వైపు పట్టాల మీద ఒక స్టీలు గ్లాసు బోర్లించాలి.

"చిన్న బండే కదా అత్తయ్యా, ఇన్ని నియమాలెందుకు?" అన్నాను మొదటి రోజు.

"బండి చిన్నదైతే లైను రెండైతదా?" అన్నారు ఆవిడ. నేను నోరు మూసుకుని గ్లాసు బోర్లించాను.

ఆవిడ చేతులు చూడాలి. పొలంలో కలుపు తీసి కాయలు కాసిన వేళ్లు. ఆ వేళ్లతోనే కుట్టుమిషను నూనెను అగ్గిపుల్ల మొనతో తీసి, ఇంజను కడుపులో ఉన్న చిన్న చిన్న పళ్ల చక్రాలకు చుక్కచుక్క అద్దేవారు. చావి తిప్పేటప్పుడు లోపలి స్ప్రింగు గొంతు వినేవారు. ఇంకొక్క మెలి తిప్పితే తెగుతుందనే చోట చెయ్యి దానంతటదే ఆగిపోయేది. సొట్టపడిన పెట్టెలను చెంచా వెనకవైపుతో నిమిరి నిమిరి, రంగు రేగకుండా సాపు చేసేవారు. రంగులు వెలిసిపోయాయి, కొత్తగా వేయిద్దామని నేనంటే ఒప్పుకోలేదు. "గదే ఆయన చూసిన రంగు" అన్నారు. చక్రాల చప్పుడు విని, నడిమి గదిలో మూడో అతుకు వదులైందని ముందు గదిలో కూర్చుని చెప్పేవారు. నేను వెళ్లి చూస్తే నిజంగానే వదులుగా ఉండేది. ఏడో తరగతి చదివిన ఆ మనిషి పనితనం చూస్తుంటే, నా ఎమ్మెస్సీ పట్టా గోడ మీంచి తీసి అటక మీద పెడదామా అనిపించేది.

ఎర్ర ఇంజనే రోజూ నడిచేది. ఆకుపచ్చది మాత్రం మామగారి తద్దినం రోజున, మరీ పెద్ద పండగలకు.

ఇంతలో ఉద్యమం వచ్చింది. మా అత్తగారిది నల్లగొండ పక్క పల్లె. ఆవిడకు తెలంగాణ అనేది వాదించి తేల్చుకోవాల్సిన సంగతి కాదు. తన బావిలో నీళ్లు ఎందుకు లేవో, తన తమ్ముడికి నౌకరీ ఎందుకు రాలేదో ఆవిడకు తెలుసు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రోడ్డు మీద వంటలు చేసి నిరసన తెలిపిన రోజున, కాలనీ ఆడవాళ్లందరికీ ముందు నడిచి, అక్కడ పొయ్యి మీద అన్నం వండి, ముఖం నిండా మసితో ఇంటికొచ్చి, సరిగ్గా నాలుగింటికి రెండు గంటలు కొట్టారు. నేను వెనక గదిలో మూతి ముడుచుకుని కూర్చుని ఉన్నాను. అయినా తిరిగి రెండు కొట్టాను. డ్యూటీ డ్యూటీయే మరి.

రైలు రోకో పిలుపు వచ్చినప్పుడు ఆవిడ పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. కాలనీ ఆడవాళ్లు పట్టాల మీద కూర్చోవడానికి పోదాం రమ్మని వచ్చారు. "నేను గార్డు పెండ్లాన్ని. బండిని ఆపనీకి నాకు చేతులు రావు. ధర్నాకు పిలువుండ్రి, ఒస్తా. జైలుకు పిలువుండ్రి, ఒస్తా" అని పంపేశారు. కానీ ఆ మూడు రోజులూ మేడ మీద గదులకు తాళం వేశారు. బయట ఒక్క బండిని ఆపలేని మనిషి ఇంట్లో రెండు బండ్లనూ ఆపేశారు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే గౌరవమూ వేసింది. ఆ తర్వాత బొగ్గు గనుల వాళ్లు సమ్మె చేసినప్పుడు గంటల తరబడి కరెంటు పోయేది. ఊరంతా ఉక్కపోతతో తిట్టుకుంటుంటే మా చావి రైలు మాత్రం ఏ చింతా లేకుండా కూ అనకుండానే తిరిగింది.

మేం పోట్లాడుకోలేదని చెబితే అబద్ధం. అన్నం దగ్గర టీవీ వార్తలు చూస్తూ గిన్నెలు ఎగిరిపడేలా వాదించుకున్నాం. "మమ్మల్ని పొమ్మంటున్నారుగా మీవాళ్లు" అని నేనంటే, "నిన్నెవరన్నరు పొమ్మని? నా ఇంట్ల కూసొని గా మాట ఎట్లంటవ్?" అని ఆవిడ. మా ఆయన పళ్లెంలోకి చూస్తూ పెరుగు కలుపుకునేవాడు. ఆయన్ను ఏ పక్షం తీసుకోమన్నా పెరుగు పక్షమే.

అసలు చిక్కు నా లోపల ఉంది. మా నాన్న రోజూ ఫోను చేసేవారు. వచ్చేయండమ్మా, విజయవాడలో ఇల్లు చూశాను, రేపు ఏమవుతుందో తెలియదు అనేవారు. మా ఆయన, "నువ్వు ఊ అంటే అక్కడే ఉద్యోగం చూసుకుంటా" అని నిర్ణయం నా నెత్తిన పెట్టి తప్పుకున్నాడు. అత్తగారు తన చోటు వదిలి ఎక్కడికీ రానని ఎప్పుడో తేల్చేశారు. అంటే నేను వెళ్లిన రోజున వెనక గది స్టేషను మూతపడుతుంది. మామగారు పోయిన రోజున ఆగిన రైలు నా మూలంగా రెండోసారి ఆగుతుంది. ఈ సంగతి ఆవిడకు తెలుసు. ఫోను మాటలన్నీ ఇంట్లో వినపడేవే. అయినా ఒక్కసారి కూడా ఉండమని అనలేదు, వెళ్లమనీ అనలేదు. ఆ మౌనం చూస్తే నాకు ఒళ్లు మండేది. నా నిద్ర పాడైంది.

ఢిల్లీలో బిల్లు పాసైన మధ్యాహ్నం వీధి వీధంతా టపాకాయలు. గులాల్ చల్లుకున్నారు, మిఠాయిలు పంచుకున్నారు. అత్తగారు చిన్నపిల్లలా ఎగురుతున్నారు. నుదుట, చెంపల మీద, తెల్ల వెంట్రుకల్లో గులాల్. నేను కిటికీ మూసేశాను. నాలుగయ్యేసరికి ఆవిడ మేడెక్కి, "ఇయ్యాల పచ్చది నడుపుదాం" అన్నారు. అయిదు పెట్టెలూ తగిలించి ఆకుపచ్చ ఇంజనును ముందు గదిలో నిలబెట్టారు. ఎర్రది నా దగ్గర ఉంది.

రెండు గంటలు వినపడ్డాయి. నేను తిరిగి రెండు కొట్టాను. లైను ఇచ్చాను. అంతలో ఫోను మోగింది. నాన్న. టీవీ చూసి భయపడిపోయి ఉన్నారు. "ఇంకా దేనికమ్మా అక్కడ? ఎవరి కోసం?" అన్నారు. నేను ఏమీ అనలేకపోయాను. ఫోను పెట్టేసి పట్టాల వైపు తిరిగాను. గ్లాసు బోర్లించలేదు. రెండు కొట్టినట్టు గుర్తుంది, రెండు విన్నట్టూ గుర్తుంది. ఎవరు అడిగారు, ఎవరు ఇచ్చారు? నేనే అడిగాను, ఆవిడే ఇచ్చారు అనుకున్నాను. చావి తిప్పి ఎర్ర ఇంజనును వదిలేసి, మూడు కొట్టాను.

అక్కడ ఆవిడ మామూలుగానైతే ఎప్పుడో బండి పంపేసేవారే. కానీ కింద నుంచి ఎవరో మిఠాయి తెచ్చి పిలిస్తే, బాల్కనీలోకి వెళ్లి రెండు మాటలు మాట్లాడి, టపాకాయల మోతలో నా మూడు గంటలు వినకుండానే వచ్చి అప్పుడు వదిలారు.

మూడు గంటలు వినపడగానే నాకు విషయం అర్థమైంది. పరుగెత్తాను. నడిమి గదిలో, గోడ కన్నం దగ్గర, నా కళ్ల ముందే రెండూ ఢీకొన్నాయి. ఎర్రది అర మీదే ఒరిగింది. ఆకుపచ్చది మొజాయిక్ నేల మీద పడింది. పాత పోత చక్రాలు రస్కుల్లా విరిగిపోయాయి. లోపలి స్ప్రింగు తెగి, బుస్సుమంటూ బయటికి విచ్చుకుని, కాసేపు వణికి ఆగింది. అత్తగారు గుమ్మంలో నిలబడి చూశారు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, నేల మీద కూర్చుని, ముక్కలన్నీ ఏరి కొంగులో వేసుకున్నారు. బయట టపాకాయలు పేలుతూనే ఉన్నాయి. నన్ను తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున పది గంటలకు నన్ను మేడ మీదికి పిలిచారు. బల్ల మీద ముక్కలు ఒక పళ్లెంలో, పక్కన తెల్లకాగితాలు, పెన్ను. "ప్రమాదం జరిగితె ఎంక్వైరీ ఉంటది. కూసో" అన్నారు. మామగారు ఉద్యోగంలో ఉండగా ఒకసారి ఆయన బండి పట్టాలు తప్పితే విచారణ జరిగిందట. ఆ కాగితాల నకలు ఆవిడ ట్రంకుపెట్టెలో ఉండేది. ఎన్నిసార్లు చదివారో, ప్రశ్నలన్నీ కంఠతా వచ్చు. ఇంకో రోజైతే నేను పడీ పడీ నవ్వేదాన్ని. ఆ రోజు చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"గా టయిముకు లైను ఎవరిది?"

"మీది. నేనే ఇచ్చాను."

"గ్లాసు పెట్టినవా?"

"లేదు."

"ఎందుకు పెట్టలే?"

"ఫోను వచ్చింది. మా నాన్న."

"ఏమన్నడు?"

నేను పళ్లెంలో ముక్కల వంక చూశాను. ఆవిడ పెన్ను ఎత్తి పట్టుకుని, "రాసుకోవాలె బిడ్డా, చెప్పు" అన్నారు.

"వచ్చేయమన్నారు."

ఆవిడ ఆ మాటే పైకి పలుకుతూ, గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు. తర్వాత తలెత్తకుండానే అడిగారు. "డ్యూటీ ఎక్కకముందు ఎన్ని గంటలు నిద్రపోయినవ్?"

"అది కూడా అడుగుతారా?"

"మొదలు అడిగేది గదే. నేనే వెనక అడుగుతున్న."

"మూడు గంటలు."

"అంతకు ముందటి దినం?"

"మూడో, రెండున్నరో."

"ఎన్ని దినాల సంది?"

"రోజులు కాదు అత్తయ్యా, నెలలు" అన్నాను. అంతే, అక్కడితో నా వల్ల కాలేదు. వెక్కి వెక్కి ఏడ్చాను. ఇంజను విరగ్గొట్టినందుకు ఏడ్చాను, మూసిన కిటికీకి ఏడ్చాను, ఎవరి కోసం అని అడిగిన నాన్నకు జవాబు చెప్పలేనందుకు ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. నా ఏడుపు తగ్గేదాకా ఆగి, కాగితం మీద ఇంకో రెండు వరుసలు రాసి నా ముందుకు తోశారు. తప్పు ముందు గది మాస్టరుది అని రాసి ఉంది. కింద ఆవిడ సంతకం.

"ఇదేంటి? లైను ఇచ్చి మర్చిపోయింది నేను. రూలు ప్రకారం తప్పు నాది" అన్నాను.

"రూలు నాకు నేర్పుతవా? ఇచ్చి మర్చిపోయినోళ్లదే తప్పు, నాకెరుకే. గాని నిద్ర లేని మనిషికి డ్యూటీ ఇచ్చినోళ్లది అంతకన్న పెద్ద తప్పు. పొద్దుగాల నీ కండ్లు చూస్తనే ఉన్న. రోజూ చూస్తనే ఉన్న. నా తెలంగాణ నాకొస్తున్నదని గా సంబురంల పడి, నా ఇంట్ల పిల్ల నిద్రపోతలేదని తెలిసి గూడ అడగలే." ఆవిడ పళ్లెంలోని విరిగిన చక్రాన్ని వేలితో కదిపి ఆపారు. "ఉండుమని అడిగితె బండి కోసం అడిగిందనుకుంటవని అడగలే. పోవాలనుంటే పో బిడ్డా. ఈ బండి కోసం ఉండకు. ఉంటే మాత్రం నా కోసం ఉండు."

అన్నేళ్ల కాపురంలో ఆవిడ నన్ను తన కోసం ఒక్కటైనా అడగడం అదే మొదలు. నేను అక్కడే, ఆవిడ ఎదురుగానే నాన్నకు ఫోను చేసి, మేం రావడం లేదని చెప్పాను. ఎవరి కోసమో కూడా చెప్పాను.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం తిని ఊరికే నడుం వాల్చాను. లేచేసరికి మర్నాడు బారెడు పొద్దెక్కింది. ఏం జరిగిందో మా ఆయన చెప్పాడు. సాయంత్రం కాలనీ ఆడవాళ్లు బ్యాండు మేళంతో విజయ ర్యాలీకి బయలుదేరి, అత్తగారిని ముందు నడవమని మా గేటు దగ్గరికి వచ్చారట. ఆ రోజు కోసం ఆవిడ ఎన్నేళ్లు ఎదురుచూశారో కాలనీ మొత్తానికి తెలుసు. ఆవిడ మాత్రం నా గది తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉండి, లేచి వాకిలి మెట్ల దాకా వెళ్లి, బ్యాండు ఆపించి, "నేను రాను, మీరు పోయి రాండ్రి. మా పిల్ల పండుకున్నది, జర వీధి దాటినంక వాయించుకోండ్రి" అని చెప్పి, మళ్లీ వచ్చి అదే కుర్చీలో కూర్చున్నారట.